యోగా పేజీలో మనసుకూ చోటివ్వండి

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ పత్రికలో యోగా మీద వచ్చిన రెండు పేజీల వ్యాసం మొత్తం చదివాను. ఫొటోలు చక్కగా ఉన్నాయి. ఏ ఆసనంలో చేతులు ఎక్కడుండాలి, మోకాలు ఎంతవరకు వంగాలి అన్నది కూడా జాగ్రత్తగానే రాశారు, అందుకు అభినందనలు. అయితే బరువు తగ్గుతుంది, నడుము సన్నబడుతుంది, చర్మానికి కాంతి వస్తుంది అని వరసగా చెప్పుకుంటూ వచ్చి, ఆఖర్న మానసిక ప్రశాంతత కలుగుతుందని ఒక్క ముక్కతో సరిపెట్టేశారు. అసలు సంగతి కొసరైపోయింది. మీ ఒక్క పత్రికే కాదు, టీవీల్లో, యూట్యూబ్‌లో, పోస్టర్ల మీద కూడా అంతే కాబట్టి ఇది మీ మీద ఫిర్యాదు అనుకోకండి, కానీ లక్షల మంది చదివే పత్రిక కాబట్టి మీకే రాస్తున్నాను.

నేను చాలా ఏళ్లుగా యోగా చేస్తున్నాను, ఓపికున్నంతలో నలుగురికి నేర్పుతున్నాను. వచ్చేవాళ్లు మొదటి రోజు అడిగేది ఎక్కువగా ఒకటే, 'ఎన్నాళ్లలో తగ్గుతాం మేడమ్' అని. అడగడంలో తప్పేం లేదు, ఏదో ఒక కారణంతో రావాలి కదా. కానీ కొంతకాలం కుదురుగా చేసినవాళ్లు తర్వాత చెప్పే మాటలు వేరేగా ఉంటాయి. మోకాళ్ల నొప్పులతో నేల మీద కూర్చోలేని ఒక పెద్దావిడ కుర్చీలోనే కూర్చుని చేసేవారు. పద్మాసనం సంగతి దేవుడెరుగు, బాసింపట్టు కూడా వేయలేరు. ఆవిడ ఒకరోజు అన్నారు, 'ఇదివరకు ఇంట్లో వాళ్ల మీద అరిచేశాక తెలిసేది నాకు కోపం వచ్చిందని. ఇప్పుడు గొంతు బిగుసుకుంటుండగానే తెలిసిపోతోందమ్మా, అరవాలా వద్దా అనుకోవడానికి కాస్త టైం దొరుకుతోంది' అని. నా దృష్టిలో ఆవిడ యోగంలో చాలా దూరం వచ్చేశారు. అదే చోట శీర్షాసనం ఎంతసేపైనా నిలబెట్టగల ఒకతను ఉండేవాడు, తను రోజూ చాప వేసుకునే జాగాలో ఇంకొకరు కూర్చుంటే ఆ ఉదయమంతా మొహం మాడ్చుకునే ఉండేవాడు. అతన్ని తప్పు పట్టడం లేదు. తలకిందులుగా నిలబడడం ఎలాగో అతనికి ఎవరో చక్కగా నేర్పారు, ఆ చిరాకు వచ్చినప్పుడు దాన్నెలా చూసుకోవాలో మాత్రం ఎవరూ చెప్పలేదు.

యోగానికి మూలగ్రంథంగా చెప్పుకునే పతంజలి యోగసూత్రాలు మొత్తం 195, కొన్ని ప్రతుల్లో 196 ఉంటాయి. వాటిలో ఆసనం గురించి నేరుగా చెప్పినవి మూడంటే మూడే, సాధనపాదం అనే రెండో అధ్యాయంలో 46 నుంచి 48 వరకు. అందులో మొదటిది 'స్థిరసుఖమాసనమ్', అంటే కదలకుండా, హాయిగా కూర్చోగలగాలి, అంతే. ఒక్క ఆసనం పేరు కూడా లేదు. మొదటిదైన సమాధిపాదంలో 51 సూత్రాలున్నాయి, వాటిలో ఆసనం ఊసే రాదు, మనసు ఎలా పనిచేస్తుంది, ఎందుకు చెదురుతుంది, ఎలా కుదురుకుంటుంది అన్నదే చెబుతాడు. రెండో సూత్రంలోనే 'యోగశ్చిత్తవృత్తినిరోధః', అంటే మనసులో రేగే అలజడిని నిలపడమే యోగం అని తేల్చేశాడు. మరి ఇన్ని ఆసనాలు ఎక్కడివి అంటే, శరీరంతో, ఊపిరితో సాధన మొదలుపెట్టే హఠయోగం మీద గ్రంథాలు తర్వాత వచ్చాయి, ఆసనాలనూ, ఒంట్లో కొన్ని చోట్ల బిగించి పట్టే బంధాలనూ ముద్రలనూ అవి వివరంగా చెప్పాయి. వాటిలో పేరున్న హఠయోగ ప్రదీపిక కూడా మొదట్లోనే ఈ హఠవిద్య చెబుతున్నది రాజయోగం కోసమేనని, అంటే మనసును నిలిపే సాధన కోసమేనని స్పష్టంగా అంటుంది. అంటే శరీరంతో మొదలుపెట్టినా వెళ్లాల్సింది మనసు దగ్గరికే. ఆసనాలు వద్దని నేను అనడం లేదండీ, రోజూ వేస్తాను, వేయిస్తాను. నడుము పట్టేసి, కాళ్లు తిమ్మిరెక్కి, అటూ ఇటూ కదులుతూ ఉంటే మనసును గమనించడం ఎవరివల్లా కాదు, కాబట్టి శరీరాన్ని ముందు సిద్ధం చేసుకోవాల్సిందే. కానీ ఆ సిద్ధం చేసుకోవడం దగ్గరే అందరం ఆగిపోతున్నాం.

నాకు బాగా నచ్చే సూత్రం ఒకటి మొదటి పాదంలో 31వది. అంతకుముందు సూత్రంలో సాధనకు అడ్డుపడే తొమ్మిదింటిని చెప్పాడు, జబ్బు, బద్ధకం, అనుమానం లాంటివి. అవి ఉన్నప్పుడు వెంట ఏమేం కనిపిస్తాయో ఇక్కడ చెబుతాడు: దుఃఖం, దిగులు, ఒళ్లు నిలకడ లేకుండా కదలడం, ఊపిరి ఎగుడుదిగుడు కావడం. ఇది ఎంత నిజమో మీరు ఈరోజే చూసుకోవచ్చు. ఆఫీసు నుంచి ఒక మెసేజ్ వస్తుంది, 'ఒకసారి మాట్లాడాలి' అని, ఇంకేమీ ఉండదు. ఆ క్షణంలో మీ ఊపిరి ఏం చేస్తోందో చూడండి. పొట్ట బిగుసుకుంటుంది, ఊపిరి పైపైన ఆగి ఆగి ఆడుతుంది, భుజాలు చెవుల వైపు లేస్తాయి, పళ్లు ఒకదాని మీద ఒకటి నొక్కుకుంటాయి, కాలు దానంతటదే ఊగడం మొదలవుతుంది. ఇదంతా జరిగిపోయాక ఎప్పటికో మనకు 'నేను టెన్షన్ పడుతున్నాను' అని తెలుస్తుంది. చాలామందికి అప్పటికీ తెలియదు, పక్కవాళ్లు 'ఏమైంది, అలా ఉన్నావేం' అని అడిగితే 'ఏం లేదే' అంటారు, వాళ్లు నిజంగానే ఏం లేదనుకుంటారు. లోపలి ఎరుక అని పెద్ద పెద్ద మాటలతో చెప్పేది ఇక్కడే మొదలవుతుంది, ఆ భుజాలు లేస్తున్నప్పుడే పట్టుకోవడం.

ఊపిరి దగ్గరికి ఎందుకు తీసుకొస్తారో కూడా పాఠకులకు విడమర్చి చెబితే బాగుంటుంది, లేకపోతే అదేదో మంత్రం అనుకుంటారు. గుండెకు నెమ్మదిగా కొట్టుకోమని చెబితే వినదు, జీర్ణకోశానికి చెబితే అసలే వినదు. ఊపిరి మాత్రం తనంతట తాను ఆడుతుంది, మనం పట్టించుకుంటే మన మాటా వింటుంది. ఊపిరి పీల్చేటప్పుడు గుండె కాస్త వేగం పుంజుకుంటుంది, వదిలేటప్పుడు కాస్త నెమ్మదిస్తుంది, ఇది ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో సహజంగా జరిగేదే, దీని వెనక మెదడు నుంచి గుండెకూ పొట్టకూ వెళ్లే వేగస్ నాడి ఉంది. పెద్దవాళ్లు ఊరికే కూర్చున్నప్పుడు నిమిషానికి మామూలుగా 12 నుంచి 20 సార్లు ఊపిరి తీస్తారు. దాన్ని బలవంతం లేకుండా కాస్త నెమ్మదింపజేసి, పీల్చినదానికంటే వదలడం కొంచెం ఎక్కువసేపు సాగేలా చూసుకుంటే, కొద్ది నిమిషాల్లోనే ఒళ్లు సర్దుకోవడం తెలుస్తుంది. 'చలే వాతే చలం చిత్తం', ఊపిరి చలిస్తే మనసు చలిస్తుంది అని హఠయోగ ప్రదీపిక చెప్పింది ఈ సంబంధం గురించే. యంత్రాలేవీ లేని కాలంలో వాళ్లు తమ ఒంటినే చూసుకుని ఇది కనిపెట్టారంటే నాకు ఎప్పటికీ ఆశ్చర్యమే.

ఇక అందరూ మానేసే చోటు గురించి చెప్పాలి. కళ్లు మూసుకుని కూర్చుంటారు, నిమిషం గడవకముందే కట్టాల్సిన బిల్లు, చెల్లెలు అన్న మాట, రేపటి ప్రయాణం అన్నీ వరసకడతాయి. 'నావల్ల కాదండీ, ఆలోచనలు ఆగడం లేదు' అని లేచిపోతారు, మళ్లీ రారు. వీళ్లకు ఎవరో చెప్పి ఉంటారు, ధ్యానం అంటే మనసు ఖాళీ అయిపోవాలని. మొదట్లో ఎవరికీ ఖాళీ కాదు. భగవద్గీతలో అర్జునుడంతటివాడే మనసును పట్టడం గాలిని పట్టడమంత కష్టం అన్నాడు, కృష్ణుడు కాదనలేదు, నిజమే కష్టమే అని ఒప్పుకుని, అభ్యాసంతో, వైరాగ్యంతో కుదురుతుంది అన్నాడు. అదే అధ్యాయంలో అంతకుముందే, మనసు ఎటెటు పోతే అటునుంచి వెనక్కి తెచ్చుకోమని చెప్పాడు. ఎన్నిసార్లు పోతే అన్నిసార్లు, చేలో పడ్డ దూడను కొట్టకుండా తోలుకొచ్చినట్టు. మనసు పక్కకు పోయిందని మీకు తెలిసిన ఆ క్షణం ఉంది చూశారా, సాధన అంటే అదే. ఇరవైసార్లు పోయి ఇరవైసార్లు తిరిగొచ్చిన మనిషి ఆరోజు బాగా కూర్చున్నట్టే లెక్క. ఈ ఒక్క సంగతి ముందే చెప్పి ఉంటే ఎంతమంది మానకుండా నిలబడేవాళ్లో అనిపిస్తుంది నాకు.

తిరిగొచ్చేటప్పుడు తమను తాము తిట్టుకోకూడదు, ఇది కూడా చెప్పాలి. మనవాళ్లలో ఈ అలవాటు మరీ ఎక్కువ, ముఖ్యంగా ఆడవాళ్లలో. అయిదు నిమిషాలు కూర్చోవడానికి కూడా ఏదో నేరం చేస్తున్నట్టు గడియారం చూస్తుంటారు.

ప్రశాంతత కళ్లు మూసుకున్నంతసేపే ఉంటే సరిపోదు కదా, లేచి నలుగురిలోకి వెళ్లాలి. దానికీ పతంజలి దగ్గర మాట ఉంది, మొదటి పాదంలో 33వ సూత్రం. సుఖంగా ఉన్నవాళ్లతో స్నేహం, బాధలో ఉన్నవాళ్ల మీద కరుణ, మంచి చేసేవాళ్లను చూసి సంతోషం, చెడు చేసేవాళ్ల విషయంలో ఉపేక్ష, వీటిని అలవాటు చేసుకుంటే మనసు తేటపడుతుందని. చదివితే నీతిబోధలా ఉంటుంది గానీ చేసి చూస్తే మనసుకు ఇది చాలా దగ్గరి వైద్యం. మనకు కావలసినవాళ్లకు ప్రమోషన్ వచ్చిందని తెలిసిన మరుక్షణం లోపల ఏం కదిలిందో నిజాయితీగా చూసుకోండి. చాలాసార్లు సంతోషం కంటే ముందు చిన్న మంట ఒకటి వచ్చి వెళుతుంది. దాన్ని లేదనుకోవద్దు, సిగ్గుపడీ వద్దు, వచ్చిందని చూసి, అప్పుడు ఫోన్ చేసి మనస్ఫూర్తిగా అభినందించండి. ఆ రాత్రి నిద్ర ఎలా పడుతుందో చూడండి. పతంజలి చెప్పిన ఎనిమిది మెట్లలో, అంటే అష్టాంగాల్లో, నిజం చెప్పడం, హింస చేయకపోవడం లాంటి యమనియమాలను ఆసనం కంటే ముందు పెట్టడానికి నాకు తోచిన కారణం ఇదే, పగలంతా అబద్ధాలాడుతూ, ఒకరి మీద పళ్లు నూరుతూ ఉన్న మనసు సాయంత్రం చాప మీద కూర్చోగానే కుదురుకోదు.

ఒక హెచ్చరిక కూడా వేయమని కోరుతున్నాను. కపాలభాతి, భస్త్రిక లాంటి వేగంగా చేసే ఊపిరి సాధనలు బీపీ ఎక్కువగా ఉన్నవాళ్లు, గుండె జబ్బులున్నవాళ్లు, గర్భిణులు పత్రికలో చూసి మొదలుపెట్టకూడదు. ఊపిరి బిగబట్టడమూ అంతే. డిప్రెషన్‌లో ఉన్నవాళ్లకు యోగా తోడుగా ఉంటుంది కానీ మందులకు బదులు కాదు, 'యోగా చేస్తున్నావుగా, ఇంక మాత్రలెందుకు' అని ఇంట్లోవాళ్లు అనడం చాలా ప్రమాదం. ఏదైనా పెద్ద దెబ్బ తిన్నవాళ్లకు కళ్లు మూసుకుంటే పాత గాయాలు ఒక్కసారిగా మీద పడొచ్చు, అలాంటివాళ్లు కళ్లు తెరిచే ఉంచి పాదాలు నేలకు ఆనుతున్న సంగతి గమనిస్తే చాలు, లేదా నెమ్మదిగా నడవచ్చు. అదీ తట్టుకోలేకపోతే ఆపేసి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. ఇందులో ఓడిపోవడం ఏమీ లేదు.

2014 డిసెంబర్ 11న ఐక్యరాజ్యసమితి జూన్ 21ని అంతర్జాతీయ యోగా దినంగా ప్రకటించినప్పుడు ఆ తీర్మానానికి 177 దేశాలు మద్దతిచ్చాయి. ఎంతో సంతోషించాం. ఏటా ఆరోజు వేలమంది ఒకేసారి చేతులెత్తిన ఫొటో మొదటి పేజీలో వస్తుంది, రావాలి కూడా. మర్నాటి నుంచి ఆ వేలమందిలో ఒక్కరు ఇంట్లో ఒంటరిగా కూర్చోవాలంటే ఏం చేయాలో చెప్పే వ్యాసం మాత్రం కనపడదు.

కాబట్టి అడుగుతున్నాను. వారం వారం మీరు వేసే ఆసనం పక్కనే చిన్న పెట్టె కట్టి, ఆ ఆసనంలో ఉన్నప్పుడు ఊపిరి ఎలా ఉంది, ఎక్కడ బిగుసుకుంది, మనసు ఎటు పోయింది అని పాఠకులు తమను తాము అడుగుకునే ప్రశ్నలు రెండు మూడు వేయండి. ఫొటోలకు ఎప్పుడూ విల్లులా వంగే కుర్రవాళ్లనే కాకుండా, కుర్చీలో కూర్చున్న పెద్దవాళ్లనూ, లావుగా ఉన్నవాళ్లనూ, గోడకు ఆనుకుని కూర్చున్నవాళ్లనూ చూపించండి, అవి చూస్తే కదా 'నేనూ చేయొచ్చు' అనిపించేది. ఎవరు చేయకూడదో ఫొటో కిందే, ఫొటో వివరం ఎంత అక్షరాల్లో ఉంటుందో అంత అక్షరాల్లోనే వేయండి. ఇవి రాసిపెట్టడానికి మనిషి కావాలంటే నేను సిద్ధం, పారితోషికం అక్కర్లేదు.

ఇట్లు,
మీ పాఠకురాలు