హ్యూయీ పీ కబుర్లు

ఒరేయ్,

ఇక్కడి పాత వంతెనను వెడల్పు చేసిన కథ ఫోన్లో మొదలుపెడితే మధ్యలోనే “పక్కన ఇంకో వంతెన కట్టుకోవచ్చుగా” అంటావని ఉత్తరం రాస్తున్నా. ఓపిగ్గా చదువు.

న్యూ ఆర్లీన్స్ దగ్గర మిసిసిపీ నది మీద హ్యూయీ పీ లాంగ్ వంతెన ఉంది. ఇక్కడందరికీ అది ‘హ్యూయీ పీ’యే. 1935 డిసెంబరులో తెరిచారు. ఎవరి పేరు పెట్టారో ఆ నాయకుణ్ణి అదే ఏడాది సెప్టెంబరులో కాల్చి చంపారు. పాపం, తన పేరున్న వంతెన మీద ఒక్కసారీ వెళ్లలేదు.

మన రాజమండ్రిలో పైన రోడ్డు, కింద రైలు కదా. ఇక్కడ మధ్యలో రెండు పట్టాలు, వాటికి అటూ ఇటూ రోడ్డు. వెడల్పు చేయకముందు అటు రెండు లేన్లు, ఇటు రెండు ఉండేవి. ఒక్కో లేను వెడల్పు 9 అడుగులే! కారు ఆగిపోతే పక్కకు తీసే చోటు కూడా ఉండేది కాదు. ఒకవైపు లారీ అద్దం రాసుకుంటూ పోతుంటే, ఇంకోవైపు గూడ్సు బండి వెళ్తుంటే ఎంత టెన్షనో ఊహించుకో. ఆ భయంతో చుట్టూ తిరిగి వెళ్లినవాళ్లూ ఉన్నారట.

2006లో వెడల్పు చేయడం మొదలుపెట్టి 2013లో ముగించారు. ఖర్చు సుమారు 120 కోట్ల డాలర్లు. అసలు మజా ఇక్కడుంది: నదిలో కొత్త స్తంభం ఒక్కటీ వేయలేదు. పాత స్తంభాల చుట్టూ కాంక్రీటు పోసి, వాటి మీద ఇంగ్లీషు డబ్ల్యూ ఆకారంలో పెద్ద ఉక్కు చట్రాలు నిలబెట్టారు. పాత ట్రస్సులకు (వంతెనను మోసే ఉక్కు కడ్డీల అల్లికలకు) అటొకటి, ఇటొకటి కొత్త ట్రస్సులు చేర్చారు. కొన్నింటినయితే బార్జీల మీద తెచ్చి, పడవల రాకపోకలు ఆపించి, 500 అడుగులకు పైగా పొడవున్న స్పానును (రెండు స్తంభాల మధ్య భాగాన్ని) ఒకేసారి జాకీలతో పైకి లాగారు! ఇంత పని జరుగుతున్నా రైళ్లు నడుస్తూనే ఉన్నాయి.

గట్టి రాయి అందని ఆ మెత్తటి నేలలో, ఇసుక పొర మీద పాత వంతెన పునాదులు దించినవాడు ఇంజినీరు రాల్ఫ్ మోడ్జెస్కీ. ఇంత కొత్త బరువు వాటి మీదే పడిందంటే ఆయనకు దండం పెట్టాల్సిందే. దగ్గర నుంచి చూస్తే పాత ఉక్కు మీద వరసగా గుండ్రటి రివెట్ తలలు, కొత్తదాని మీద బోల్టులు. ఏది ఎప్పటిదో చంటిపిల్లాడైనా చెప్పేస్తాడు. ఆ డబ్ల్యూలు మాత్రం నాకు నచ్చలేదురా, సన్నటి వంతెనకు బలవంతంగా భుజాలు తగిలించినట్టున్నాయి.

ఇప్పుడు అటు మూడు, ఇటు మూడు లేన్లు, ఒక్కోటి 11 అడుగులు. ఆగడానికి అంచున చోటూ ఉంది. నువ్వొచ్చినప్పుడు స్టీరింగు నీకే ఇస్తాలే. గూడ్సు బండి వచ్చే వేళ చూసుకుని మరీ తీసుకెళ్తా. సెలవు సంగతి తేల్చి వెంటనే రాయి.

నీ
బావగాడు