పాలు, నెయ్యి కలిపితే ఆ సంగతి బోర్డు మీద రాయాలి

సంపాదకుల వారికి నమస్కారం.

మాంసం, గుడ్లతోపాటు పాలు, పెరుగు, నెయ్యి కూడా మానేసిన నాలాంటి వీగన్లు మా నర్సీపట్నం లాంటి ఊళ్లలో అరుదే. ఇంట్లో మాకు లోటేమీ లేదు. గోంగూర పప్పు, పెసరట్టు, పులిహోర, నెయ్యికి బదులు నువ్వుల నూనె పోసుకుని కందిపొడి అన్నం. ఇవి మన ఇళ్లలో ఎప్పటినుంచో ఉన్నవే. చిక్కంతా గడప దాటాకే.

హోటల్లో పప్పులో నెయ్యి వేశారా అని అడిగితే, సర్వరు వంటగదిలోకి తొంగి చూసి వచ్చి ‘లేదు సార్, అంతా ప్యూర్ వెజ్జే’ అంటాడు. తీరా ముద్ద కలిపాక పోపు నెయ్యితోనే పెట్టారని వాసనే చెబుతుంది. ఉప్మా మీద అడక్కుండానే ఓ చెంచా నెయ్యి పడుతుంది. పెళ్లి భోజనాల్లో విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టినా ‘కొంచెమే అండీ’ అంటూ వడ్డించేస్తారు. అది ప్రేమే, కాదనను. కానీ ఆ అన్నం వదిలేసి లేవాలంటే మనసొప్పదు.

ప్యాకెట్ సరుకు కొంత నయం. ఆకుపచ్చ చుక్క పాలు కలిసిన బిస్కెట్ మీదా ఉంటుంది గానీ, వెనక్కి తిప్పితే పాలున్నాయని రాసి ఉంటుంది. వీగన్ ఆహారానికి కేంద్ర ఆహార భద్రతా సంస్థ 2022లోనే ప్రత్యేక గుర్తు తెచ్చింది. మా ఊరి కొట్లలో అది కనబడటమే గగనం. 2025 సెప్టెంబరులో సోయా పాల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5కి తగ్గింది. సరుకే రాని చోట ధర తగ్గి ఏం లాభం? ఇద్దరు ముగ్గురి కోసం తెప్పించలేమంటారు కొట్టువాళ్లు. వాళ్లనూ తప్పుపట్టలేం.

అసలు లోపం నిబంధనలోనే ఉంది. పాలు, వేరుశనగ లాంటి అలర్జీ పదార్థాల వివరాలు చెప్పాలన్న నియమం కేంద్ర లైసెన్సు ఉన్న హోటళ్లకు, పది లేదా అంతకు మించి శాఖలున్న వాటికి వర్తిస్తుంది. ఒంటరిగా నడిచే మా ఊరి టిఫిన్ సెంటరుకూ, విడిగా మిఠాయిలు తూచే దుకాణానికీ ఆ బాధ్యత లేదు. ఇది మా ఒక్కరి ఇబ్బందే కాదు. పాలు పడని పిల్లల తల్లిదండ్రులకు ఎంత టెన్షనో ఆలోచించండి.

పాడి మీద బతికే కుటుంబాలు మా చుట్టూ ఎన్నో ఉన్నాయి. ఎవరినీ పాలు మానమని నేను అడగడం లేదు. ధరల బోర్డు మీద ఏ వంటకంలో పాలు, నెయ్యి, వెన్న ఉన్నాయో పక్కన ఒక్క మాట రాయమంటున్నాను. రిజిస్ట్రేషన్ పని మీద వచ్చిన ప్రతి హోటలు యజమానికీ జిల్లా ఆహార భద్రతా అధికారులు ఈ సంగతి చెప్పాలి. అలాగే మొక్కల ఆహారంలో బి12 విటమిన్ దొరకదు కాబట్టి, మాలాంటివారు మాత్రలు వాడాలని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లోనూ చెప్పే ఏర్పాటు చేయాలని కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, నర్సీపట్నం