వన్‌టౌన్ గట్టింగ్ బాబాయికి, ఇంకా మీ అందరికీ కృతజ్ఞతలు

నిన్న రాత్రి చెన్నై నుంచి బెజవాడ వచ్చాను. పిక్కలు ఇంకా పట్టేస్తున్నాయి, కుడి అరచేతిలో బొబ్బలు చితికిపోయాయి, ఎడమ చేత్తో టైపు చేస్తున్నాను. పడుకుని లేచాక రాసుకోరా అంది అమ్మ. కానీ ఇది రాస్తే గానీ నిద్ర పట్టేలా లేదు.

చాలామందికి తెలిసే ఉంటుంది. ఐటీఎఫ్ (అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య) వాళ్ళ 15 వేల డాలర్ల టోర్నీలో క్వాలిఫైయింగ్ (అర్హత పోటీలు) దాటి, మెయిన్ డ్రాలో, అంటే అసలు పోటీలో, మొదటి రౌండు గెలిచాను. మగవాళ్ళ టెన్నిస్ ప్రపంచ ర్యాంకులకి లెక్కించే ఏటీపీ పాయింట్లలో ఇది నా మొదటిది. రెండో రౌండులో సీడెడ్ (టోర్నీలో పై ర్యాంకు ఉన్న) ఆటగాడి చేతిలో ఓడిపోయాను. ఒక్క పాయింటేగా అనుకునేవాళ్ళు ఉంటారు. ప్రపంచ ర్యాంకుల జాబితాలో అడుగునైనా పేరు పడాలంటే ముందు ఆ ఒక్కటి రావాలి. 2014లో ఇంచియాన్ ఆసియా క్రీడల్లో మన సాకేత్ మైనేని, సానియా మీర్జాతో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ బంగారు పతకం గెలిచినప్పుడు నేను చిన్న క్లాసులో ఉన్నాను. నాన్న పేపరు తెచ్చి "చూడరా, మన ఆంధ్రా అబ్బాయి" అని చూపించారు. అప్పటి నుంచీ ఉన్న కోరిక ఇది.

ఈ పోస్టు మాత్రం ఒక్క మనిషి కోసం రాస్తున్నాను, రాకెట్లకి గట్టింగ్ చేసే, అంటే తీగలు అల్లి బిగించే ఆయన కోసం. పేరు రాయొద్దన్నారు, షాపు ఏ సందులోనో కూడా చెప్పొద్దన్నారు. అందుకని బాబాయ్ అనే రాస్తాను.

చెన్నై వెళ్ళే ముందురోజు సాయంత్రం ప్రాక్టీసులో నా రెండు రాకెట్ల గట్లూ (తీగలు) తెగిపోయాయి. నాకున్నవి ఆ రెండే. ఎప్పుడూ చేయించుకునే చోట మెషిన్ రిపేరులో ఉంది. తెల్లవారుజామున బండి. దిగిన సాయంత్రమే సైన్ ఇన్ (టోర్నీలో పేరు నమోదు), మర్నాడు పొద్దున్నే మ్యాచ్. టోర్నీ దగ్గర కూడా గట్టింగ్ చేస్తారు గానీ ఆ రేటు మాకు అందేది కాదు. వన్‌టౌన్‌లో షటిల్ బ్యాట్లకి గట్టింగ్ చేసే ఆయన ఉన్నాడని ఎవరో చెబితే పరుగెత్తాను. వెళ్ళేసరికి షట్టర్ సగం దించేశారు.

నేనెవరో ఆయనకి తెలీదు. విషయం చెప్పగానే షట్టర్ మళ్ళీ ఎత్తారు. షటిల్ బ్యాటుకి గట్టుని 24, 26 పౌండ్ల బిగువు దాకా లాగుతారు, నాకు 52 కావాలి. "మెషిన్ లాగుద్దిలే, నువ్వు కూర్చో" అన్నారు. తెగిన గట్టు తీసేటప్పుడు మధ్యలోంచి మొదలుపెట్టి నాలుగు వైపులా సమంగా కత్తిరించుకుంటూ వచ్చారు. ఒక పక్క నుంచే కోసేస్తే ఫ్రేమ్ వంకర పోతుందట. నిలువు గట్లు 16, అడ్డం గట్లు 19. అడ్డం గట్టు ఒకదాని మీదుగా, ఒకదాని కిందుగా అల్లుకుంటూ పోవాలి. చివరికి వచ్చేసరికి చోటు ఇరుకై వేళ్ళు కోసుకుపోతాయి. ఆయన చూపుడు వేలికి పాత గాటు ఉంది, దాని మీదే గట్టు ఆనించి లాగుతున్నారు.

మొదటిది పూర్తయ్యేసరికి చాలా పొద్దుపోయింది. "ఆటాడాల్సినోడివి, వెళ్ళి పడుకో నాన్నా. రెండోది బండికి ముందు వచ్చి పట్టుకెళ్ళు" అని పంపించేశారు. రెండింటికీ కూలి, నేను తెచ్చిన గట్టు ఎక్కడిదో, ఎంత టెన్షనో (బిగువు), నా ఫోన్ నంబరు, అన్నీ ఒక చీటీ మీద రాసి హ్యాండిల్‌కి కట్టుకున్నారు.

తెల్లవారుజామున ఆయనే ఫోన్ చేశారు. "షాపుకి రాకు, తిన్నగా స్టేషన్‌కి వచ్చెయ్. నేనే తెస్తా." నేను స్లీపర్‌లో బ్యాగు సర్దుకుంటుంటే కిటికీలోంచి ఒక్కో పెట్టే చూసుకుంటూ వస్తున్నారు, చంకలో పేపరు చుట్టిన రాకెట్. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. రాత్రి పూర్తి చేసి, చివరగా వేలితో తడిమి చూసుకుంటే అడ్డం గట్టు ఒకచోట వరసగా రెండింటి మీదుగా పోయిందట. ఒక్క అల్లిక తప్పింది. దాంతో మొత్తం కోసేసి, తన దగ్గరున్న కొత్త గట్టు సెట్ తీసి మళ్ళీ మొదటి నుంచి కట్టారు. ఒకసారి లాగిన పాలీ (పాలిస్టర్) గట్టు మళ్ళీ పనికిరాదు, అది పారేయాల్సిందే.

"అలాగే ఇచ్చేసినా నాకు తెలిసేది కాదు కదా బాబాయ్" అన్నాను. "నీకు తెలీకపోవచ్చు, నాకు తెలుసు కదా" అన్నారు. ఆ కొత్త సెట్‌కి డబ్బు ఇవ్వబోతే చెయ్యి పట్టుకుని ఆపారు. నేను తప్పు అల్లితే నువ్వు కట్టేదేంటి అన్నారు. బండి కదిలింది. తెనాలి దాటేదాకా నాకు ఏడుపు ఆగలేదు. పక్క బెర్తు ఆవిడ ఎవరైనా పోయారా బాబూ అని అడిగింది కూడా.

మెయిన్ డ్రా మ్యాచ్‌లో మూడో సెట్, నాలుగు-నాలుగు. నా సర్వీసు. మొదటి రాకెట్ గట్టు తెగింది. బ్యాగులోంచి ఆ రాకెట్ తీశాను. మిగిలిన ఆటంతా దాంతోనే ఆడాను. గెలిచిన బంతి దాని మీంచే వెళ్ళింది. అది ఇంకా తెగలేదు. ఇంటికొచ్చాక బ్యాగులోంచి బయటికి తీసి పక్కన పెట్టుకున్నాను.

అమ్మ, నాన్న, అన్నయ్య గురించి వేరే రాయక్కర్లేదు. వాళ్ళు లేకపోతే నేను లేను.

ఈ ఖర్చులకి డబ్బు సర్దిన స్టేడియం వాకర్స్ పెద్దలందరికీ పాదాభివందనాలు. మీలో కొంతమంది "గెలిచావుగా, డబ్బు బాగా వచ్చి ఉంటుంది" అంటున్నారు, అందుకే చెబుతున్నాను. 15 వేల డాలర్లంటే టోర్నీ మొత్తానికి. సింగిల్స్ ఛాంపియన్‌కి దక్కేది రెండు వేల డాలర్ల పైచిలుకు. మొదటి రౌండులో ఓడితే నూటయాభై డాలర్ల చుట్టూ వస్తుంది, అందులో పన్ను పోతుంది. క్వాలిఫైయింగ్‌లో ఓడితే పైసా రాదు, ఎంట్రీ ఫీజు ఎదురు కట్టుకోవాలి. రైలు, రూము, తిండి, గట్టింగ్ అన్నీ మన జేబులోంచే.

ప్రయాణ ఖర్చుల సాయం కోసం నాన్న ఒక ఆఫీసులో దరఖాస్తు పెట్టి నెలలు గడిచాయి. వెళ్ళినప్పుడల్లా పతకం సర్టిఫికెట్ జత చేయమంటారు. ప్రొఫెషనల్ టెన్నిస్‌లో పతకాలు ఇవ్వరు సార్, పాయింట్లు ఇస్తారు. ఆ మాట వినే ఓపిక ఎవరికీ లేదు, ఫారంలో ఆ గడి లేదు అంతే. ఇప్పుడు పాయింటు వచ్చింది, ఆ ఫారంలో దీన్ని ఎక్కడ రాయాలో చెప్పండి. ఇక ప్రాక్టీసు కోర్టు సంగతి. మీటింగులకీ ఎగ్జిబిషన్లకీ ఇచ్చేస్తారు, తర్వాత చూస్తే గుంజలు పాతిన గుంటలు. బంతి ఎటు లేస్తుందో తెలీదు. నా తర్వాత వచ్చే పిల్లలు అందులోనే నేర్చుకోవాలి. అడగడం మానను.

అయ్యో, మా కోచ్ సార్ గురించి రాయనే లేదు. సార్, క్షమించండి, నా ఆటంతా మీరు పెట్టిన భిక్షే. చెన్నైలో రూము అద్దెలో సగం పంచుకున్న గుంటూరు బ్రాడీపేట తమ్ముడు, వాడు క్వాలిఫైయింగ్‌లో ఓడిపోయి కూడా నా మ్యాచ్ కోసం టికెట్ మార్చుకుని ఉండిపోయాడు. నీ పాయింటు కూడా వస్తుంది రా. కాళ్ళు పట్టేసినప్పుడు ఐసు తెచ్చిన బాల్ బాయ్‌కి, రోజూ తెల్లారకముందే గేటు తాళం తీసే వాచ్‌మన్ తాతకి, తిరుగు ప్రయాణంలో కింద బెర్తు ఇచ్చిన అంకుల్‌కి. ఇంకా క్యాంటీన్ అక్క, మ్యాచ్ రోజు పెరుగన్నం విడిగా కట్టి ఉంచింది, డబ్బులు మర్నాడు ఇవ్వమంది. ఇచ్చేశానక్కా, కౌంటర్‌లో ఉన్న అబ్బాయికి ఇచ్చాను, అడిగి తీసుకో.