శాతం ఎంతని కాదు, పేరు ఎందుకు ఆగిందని అడగండి

సంపాదకులకు,

దేశమంతటా బడుల, విద్యార్థుల వివరాలు ఆన్‌లైన్‌లో నమోదు చేసే యూడైస్ ప్లస్ గడువు దగ్గరపడింది. సెప్టెంబరు 30 నాటికి బడిలో ఉన్న ప్రతి విద్యార్థి వివరం ఆన్‌లైన్‌లో ఎక్కాలి. ఏ మండలం ఎంత శాతం పూర్తి చేసిందో చూపే పట్టికలు వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్నాయి. అడుగున ఉన్న మండలాలకు ఎర్ర రంగు వేస్తున్నారు. ఆ రంగు పోగొట్టుకునే తొందరలో పిల్లల రికార్డులు ఎలా చెడుతున్నాయో, ఆ పని చేసేవాళ్ల పరిస్థితి ఏమిటో పాఠకులకు, విద్యాశాఖ పెద్దలకు చెప్పాలని ఈ లేఖ రాస్తున్నాను.

మండల వనరుల కేంద్రాన్ని జనం ఎంఈవో (మండల విద్యాధికారి) ఆఫీసు అనే అంటారు. అక్కడ బడుల డేటా చూసుకునే ఎంఐఎస్ కోఆర్డినేటరు, డేటా ఎంట్రీ ఆపరేటరు, అకౌంటెంటు, క్లస్టర్ల (కొన్ని బడుల సముదాయాల) వారీగా సీఆర్పీలు (క్లస్టర్ రిసోర్స్ పర్సన్లు) పనిచేస్తారు. వీళ్లలో ఎక్కువమంది కేంద్ర, రాష్ట్రాలు కలిసి నడిపే బడి విద్యా పథకం సమగ్ర శిక్ష కింద కాంట్రాక్టు మీదో, ఔట్‌సోర్సింగ్ మీదో ఉన్నవాళ్లే. పథకం నిబంధనల ప్రకారం సగటున 18 బడులకు ఒక సీఆర్పీ, 50 బడులకు ఒక అకౌంటెంటు ఉండాలి. ఖాళీ అయిన చోట కొత్తవాళ్లను వేయకుండా పక్క క్లస్టరు సీఆర్పీకి ఇన్‌చార్జి ఇస్తే ఈ లెక్క కాగితం మీదే మిగులుతుంది.

వీళ్లు కొట్టే అంకెల మీద ఎంత ఆధారపడి ఉందో చూడండి. బడికి వచ్చే కాంపోజిట్ గ్రాంటు పిల్లల సంఖ్యను బట్టి ఉంటుంది. 30 మంది వరకు రూ.10 వేలు, 31 నుంచి 100 వరకు రూ.25 వేలు, 101 నుంచి 250 వరకు రూ.50 వేలు. అంటే 31వ పిల్లవాడి పేరు ఆన్‌లైన్‌లో ఎక్కకపోతే సుద్దముక్కలకు, కరెంటు బిల్లుకు, మరుగుదొడ్ల శుభ్రతకు రావలసిన డబ్బులో రూ.15 వేలు తగ్గిపోతుంది. విద్యాహక్కు చట్టం షెడ్యూలు ప్రకారం ప్రాథమిక పాఠశాలలో 60 మంది వరకు ఇద్దరు టీచర్లు, 60 దాటితే మూడో టీచరు ఉండాలి. ఆ 61వ పేరు ఒక్కటి ఆగినా మూడో టీచరును అడగడానికి ఆధారం ఉండదు. పాఠ్యపుస్తకాల ఇండెంటుకూ, మధ్యాహ్న భోజనం బియ్యం లెక్కకూ పిల్లల సంఖ్యే మూలం.

పేరు ఎందుకు ఆగుతుంది? 2022-23 నుంచి యూడైస్‌లో బడికి మొత్తం ఎంతమంది అని కాకుండా పిల్లవాడి వారీగా వివరాలు తీసుకుంటున్నారు. ఒక్కొక్కరికి ఒక పెన్ నంబరు (శాశ్వత విద్యా సంఖ్య) ఉంటుంది. ఏడాది మొదట్లో ప్రోగ్రెషన్ పూర్తి చేయాలి. అంటే పాత తరగతి ఫలితం, మార్కుల శాతం, హాజరైన రోజులు వేసి, అదే బడిలో ఉన్నాడా, టీసీ తీసుకుని వెళ్లాడా అని గుర్తు పెట్టాలి. వెళ్లాడని పెడితే ఆ పేరు డ్రాప్ బాక్సులో పడుతుంది. కొత్త బడివాళ్లు పెన్ నంబరు, పుట్టిన తేదీ కొట్టి పేరును తమ బడిలోకి తెచ్చుకుంటారు. పాత బడి వదలకపోతే కొత్త బడి చేయగలిగింది లేదు. ఫీజు బాకీ ఉందని కొన్ని ప్రైవేటు బడులు టీసీ ఆపుతాయి, ఆన్‌లైన్‌లో పేరునూ వదలవు. టీసీ వెంటనే ఇవ్వాలని, అది రాలేదన్న కారణంతో చేర్చుకోవడం ఆపకూడదని విద్యాహక్కు చట్టం 5వ సెక్షన్ చెబుతోంది. అందుకే పిల్లవాడిని సర్కారు బడిలో చేర్చుకుంటారు. వాడు ఇక్కడ కూర్చుని చదువుకుంటున్నా రికార్డులో మాత్రం పాత బడిలోనే ఉంటాడు. గడువు మీద పడి ఎవరైనా కొత్తగా పేరు ఎక్కిస్తే ఒకే పిల్లవాడికి రెండు పెన్‌లు వస్తాయి. ఆ ముడి విప్పడం మొదటి పనికన్నా కష్టం.

రెండో అడ్డంకి ఆధార్‌తో పోల్చడం. విద్యార్థికి చదువంతా ఒకే గుర్తింపుగా ఉండే 12 అంకెల అపార్ ఐడీ రావాలంటే యూడైస్‌లో ఉన్న పేరు, పుట్టిన తేదీ, లింగం ఆధార్‌తో సరిపోవాలి, పైగా తల్లిదండ్రుల అంగీకార పత్రం ఉండాలి. బడి రిజిస్టరులో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది, ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది. కార్తీక్ అనే పేరు ఇంగ్లీషు స్పెల్లింగులో ఒకచోట హెచ్ ఉండి మరోచోట లేకపోయినా తేడా కిందే లెక్క. ఇవి కాస్త ఓపికతో తేలేవే. పుట్టిన తేదీ దగ్గరే అసలు చిక్కు. తేదీ సరిగ్గా తెలియని చాలా పల్లె కుటుంబాల్లో ఆధార్ తీసేటప్పుడు జనవరి 1 వేయించారు. బడిలో చేర్చేటప్పుడు వయసు సరిపోయేలా జూన్‌లో ఏదో ఒక తేదీ రాయించారు. ఆసుపత్రి జనన ధ్రువపత్రంలో మూడో తేదీ ఉంటుంది, అందులో బిడ్డ పేరు కూడా ఉండదు.

దీన్ని సరిచేసే వరుస ఒక్కటే. ముందు పంచాయతీలోనో మున్సిపాలిటీలోనో జనన ధ్రువపత్రంలో పేరు ఎక్కించుకోవాలి. దాన్ని పట్టుకుని ఆధార్ మార్పించుకోవాలి. ఆ తర్వాత బడి అడ్మిషన్ రిజిస్టరు, చివరికి యూడైస్. పుట్టిన తేదీని ఆధార్‌లో మామూలుగా ఒక్కసారే మార్చుకోనిస్తారు కాబట్టి తప్పు కాగితంతో ఆ అవకాశం వాడేస్తే మళ్లీ ఆధార్ సంస్థ హైదరాబాద్ ప్రాంతీయ కార్యాలయం దాకా తిరగాలి. 5 ఏళ్లకు, 15 ఏళ్లకు చేయించాల్సిన వేలిముద్రల, కంటిపాప నమోదు మిగిలి ఉంటే అదే ప్రయాణంలో పూర్తి చేసుకోవాలని తల్లిదండ్రులకు ముందే చెప్పాలి. కూలి మానుకుని వచ్చే మనిషిని రెండుసార్లు తిప్పకూడదు.

ఈ పనికి వారాలు పడుతుంది. పట్టిక మాత్రం సాయంత్రానికల్లా అడుగుతుంది. అందుకని దగ్గరి దారి తొక్కుతారు. ఆధార్‌లో ఉన్న తప్పు తేదీనే యూడైస్‌లో కొట్టేస్తారు. వెంటనే సరిపోతుంది, శాతం పెరుగుతుంది. పిల్లవాడు పదో తరగతికి వచ్చి నామినల్ రోల్స్ (పరీక్ష రాసేవాళ్ల జాబితా) పంపేటప్పుడు ఆ తప్పు బయటపడుతుంది. అప్పటికి రిజిస్టరు ఒకటి, ఆన్‌లైన్ ఇంకొకటి చెబుతుంటాయి. పదో తరగతి మెమోలో పడిన తేదీతోనే ఆ పిల్లవాడు జీవితమంతా ఉద్యోగాలకు దరఖాస్తు పెట్టుకోవాలి. ఆచూకీ దొరకని పిల్లల పేర్లను విచారించకుండా డ్రాప్ బాక్సులోకి నెట్టి లెక్క తేల్చేయడం ఇలాంటిదే. ఇంకా బాధాకరం కూడా, ఎందుకంటే బడి మానేసిన పిల్లవాడిని వెతకాల్సిన మనిషే వాడి పేరు తీసేయాల్సి వస్తోంది.

అందుకే శాతంతో పాటు కారణాన్నీ అడగమంటున్నాను. పాత బడి వదల్లేదు, ఆధార్ లేదు, జనన ధ్రువపత్రంలో పేరు లేదు, తల్లిదండ్రులు అంగీకరించలేదు, కుటుంబం వలస వెళ్లింది. ఆగిన ప్రతి పేరుకూ వీటిలో ఒక కారణం ఉంటుంది. జిల్లా కార్యాలయం ఆ జాబితా తీసుకుంటే మొదటి రకానికి సంబంధిత బడులకు నోటీసులివ్వవచ్చు, రెండు, మూడు రకాలకు బడి దగ్గరే ఆధార్, జనన నమోదు శిబిరం పెట్టించవచ్చు. ఆ అధికారం ఆపరేటరుకు లేదు, జిల్లాకు ఉంది. అంగీకారం ఇవ్వనివాళ్ల పేర్లు ‘పెండింగ్’ కింద చూపి సిబ్బందిని నిలదీయడం కూడా ఆపాలి. అంగీకారం అడిగామంటే కాదనే హక్కు ఇచ్చినట్టే.

కర్నూలు జిల్లా పడమటి మండలాలకు ఇంకో బాధ ఉంది. కోసిగి, ఆదోని వైపు నుంచి కుటుంబాలు పత్తి, మిరప కోతలకు గుంటూరు వైపు వలస వెళ్తాయి. సెప్టెంబరు 30న పిల్లలు బడిలోనే ఉంటారు కాబట్టి లెక్క నిండుగా కనిపిస్తుంది. ఆ తర్వాత బెంచీలు ఖాళీ అవుతాయి. వలస కుటుంబాల పిల్లలు ఊళ్లోనే ఉండి చదువుకునే సీజనల్ హాస్టల్ ఎంతమందికి కావాలో చెప్పాలంటే సీఆర్పీ అక్టోబరులోనే ఇల్లిల్లూ తిరిగి, ఎవరు వెళ్తున్నారు, పిల్లవాడిని చూసుకునే ముసలివాళ్లు ఇంట్లో ఉన్నారా అని రాసుకోవాలి. సరిగ్గా అదే నెలలో సీఆర్పీలను కంప్యూటరు ముందు కూర్చోబెడితే ఆ సర్వే పేరుకే జరుగుతుంది.

విద్యార్థి కిట్ల పంపిణీ గురించి ఒక్క మాట. బూట్లు, బ్యాగులు మండల కేంద్రానికి లారీలో వస్తాయి. పెట్టెలు తెరిచి సైజుల వారీగా లెక్కపెట్టి, తక్కువ ఉన్నవి చలానా మీద రాశాకే సంతకం పెట్టాలి. లారీ వెళ్లిపోయాక లోటు తేలితే అది సంతకం పెట్టినవాడి మెడకే చుట్టుకుంటుంది. రాత్రిపూట సరుకు దింపి ‘రేపు లెక్కపెట్టుకోండి’ అనే పద్ధతి పోవాలి. కొత్తగా ఒకటో తరగతిలో చేరే పిల్లల కాలి కొలతలు ముందు తీసిన జాబితాలో ఎలాగూ ఉండవు కాబట్టి చిన్న సైజులు కొన్ని అదనంగా పంపితే బడుల మధ్య మార్పిడి గోల తగ్గుతుంది.

విద్యాశాఖ పాత యాప్‌లను కలిపి లీప్ యాప్ తేవడం మంచి పని. టీచర్లకు నిజంగా కొంత ఊరట దొరికింది. కానీ యాప్‌లో ఉన్న వివరాన్నే గూగుల్ షీటులో మళ్లీ నింపమంటే ఆ ఫలితం పోతుంది. టాయిలెట్లు ఎన్ని, ట్యాబులు ఎన్ని పనిచేస్తున్నాయి, ఎస్సీ బాలికలు ఎంతమంది అని ఒక్కో విభాగం వేరువేరు నమూనాల్లో అడుగుతుంది. ఆన్‌లైన్‌లో ఉన్న దేన్నీ కింది నుంచి మళ్లీ అడగకూడదని, కొత్త వివరం కావాలంటే కనీసం మూడు పనిదినాలు ఇవ్వాలని రాష్ట్ర కార్యాలయం సర్క్యులర్ ఇస్తే చాలు. దీనికి పైసా ఖర్చు లేదు.

బడికి వెళ్లే పిల్లల తల్లులకు ప్రభుత్వమిచ్చే తల్లికి వందనం డబ్బు పడనప్పుడు వాళ్లు ముందుగా వచ్చేది ఈ మండల సిబ్బంది దగ్గరికే. తల్లి ఆధార్‌లో ఒక అంకె తప్పు పడిందా, బ్యాంకు ఖాతా ఎన్‌పీసీఐతో (బ్యాంకుల చెల్లింపులు నడిపే సంస్థతో) ముడిపడలేదా, పిల్లవాడి పేరు ఇంకో బడిలో ఉందా అని చూసి చెప్పాలి. మొదటిది, మూడోది బడి, మండలం చూసుకోవాలి. రెండోది బ్యాంకు పని. ఏది ఎక్కడ తేలుతుందో ఒక చీటీ మీద రాసిచ్చి పంపితే ఆమె గ్రామ సచివాలయానికీ బ్యాంకుకీ బడికీ మధ్య తిరగక్కర్లేదు. ఇలా చెప్పడానికి తీరిక, ఓపిక, అనుభవం కావాలి. ఎప్పుడు తీసేస్తారో తెలియని ఉద్యోగంలో, జీతం సమయానికి రాకపోతే, నేర్చుకున్నవాళ్లు ఎంతకాలం నిలుస్తారు? ఒక ఎంఐఎస్ కోఆర్డినేటరు మానేస్తే మండలంలో ఏ బడి రికార్డు ఎక్కడ చిక్కుకుందో తెలిసిన మనిషి పోయినట్టే.

సమాన పనికి సమాన వేతనం తాత్కాలిక ఉద్యోగులకూ వర్తిస్తుందని, రెగ్యులర్ ఉద్యోగి పనే చేస్తున్నవారికి ఆ స్కేలులో కనీస వేతనం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2016 అక్టోబరులో పంజాబ్ కేసులో చెప్పింది. 2024 డిసెంబరులో తెలంగాణ సమగ్ర శిక్ష ఉద్యోగులు సమ్మెకు దిగితే కేజీబీవీల్లో (కస్తూర్బా బాలికల విద్యాలయాల్లో) పాఠాలకు ఇతర బడుల టీచర్లను సర్దాల్సి వచ్చింది. అంతదాకా రానివ్వకుండా మన ప్రభుత్వం ఈ పోస్టులకు కనీస టైమ్ స్కేలు నిర్ణయించాలి. ఖాళీలు భర్తీ చేయాలి. సీఆర్పీల ప్రయాణ భత్యాన్ని బకాయి పెట్టకుండా నెల జీతంతో కలిపి ఇవ్వాలి. పిల్లల పేరు, పుట్టిన తేదీ మార్చమని ఎవరు చెప్పినా ఆ మాట ఫోనులో కాకుండా ప్రధానోపాధ్యాయుడి సంతకంతో, ఆధారపత్రం నకలుతో మండల కార్యాలయానికి రావాలని ఉత్తర్వు ఇవ్వాలి.

– సమగ్ర శిక్ష ఉద్యోగి, కర్నూలు జిల్లా
(పేరు ప్రచురించవద్దని మనవి)