గుచ్చగానే ఎన్‌పీకే చెప్పే సూది మా దగ్గర ఎందుకు దొరకదంటే

బెంగళూరు పీణ్యాలో మేం మట్టి పరీక్ష పెట్టెలు అమ్మే షెడ్డుకొచ్చే మదనపల్లె, ములబాగిలు టమాటా రైతులూ, వైట్‌ఫీల్డ్ మిద్దెతోటల వాళ్లూ ఈమధ్య ఒకటే అడుగుతున్నారు: "నేలలో గుచ్చగానే నత్రజని, భాస్వరం, పొటాష్ మూడూ చూపించే మిషన్ ఆన్‌లైన్‌లో మీ పెట్టె కంటే చవగ్గా వస్తోంది కదా, మీరెందుకు అమ్మరు?"

అమ్మం. బేరం పోతుందని తెలిసే చెప్తున్నా.

మేం తెప్పించి చూసిన సూదులన్నీ నిజంగా కొలిచేది ఈసీ ఒక్కటే, అంటే మట్టి తడిలో కరెంటు ఎంత సులువుగా పారుతుందో. దాన్నే రకరకాలుగా హెచ్చవేసి మూడు అంకెలు చూపిస్తాయి. అనుమానముంటే షెడ్డుకి రండి, బల్ల మీదే చూద్దాం. గ్లాసుడు మంచినీళ్లలో సూది ముంచి చెంచాడు ఉప్పు కలిపితే మూడూ ఒక్కసారే ఎగబాకుతాయి. వంట ఉప్పులో నత్రజని ఎక్కడిది, భాస్వరం ఎక్కడిది? ఉప్పుబోరు నీళ్లు పారే చేలో ఇది "ఎరువు దండిగా ఉంది" అంటే, నమ్మి పైపాటు యూరియా ఆపేసిన రైతు గతేంటి?

మా పెట్టె నిదానం, కాదనను. భాస్వరానికి మట్టిని సోడియం బైకార్బనేట్ ద్రావణంలో అరగంట కలియబెట్టి వడకట్టాలి. భాస్వరంతో కలిసి రంగు తెప్పించే మాలిబ్డేట్ మందు వేయగానే బుసబుసా నురగ పొంగుతుంది, కంగారు పడకండి, అది అణిగాక విటమిన్ సి పొడి వేయండి. పది నిమిషాల్లో నీలం తేలుతుంది. నీలం ముదిరేకొద్దీ ఎర్ర ఎల్‌ఈడీ వెలుతురు అవతలికి తక్కువ చేరుతుంది, ఆ తరుగును బట్టే తెర మీద అంకె. "పొడి ముందే కలిపి సీసాలో ఇవ్వొచ్చుగా" అని విసుక్కునేవాళ్లున్నారు. కలిపిన మందు ఒక్కరోజుకి మించి నిలవదండి, అందుకే ఆ పొట్లాలు.

ప్రభుత్వం రైతుకిచ్చే సాయిల్ హెల్త్ కార్డులో (భూసార కార్డు) 12 అంశాలుంటాయి. అందులో మా పెట్టెకు చేతనైనవి మూడే: పీహెచ్, ఈసీ, భాస్వరం. నైట్రేట్ అదనం. పొటాష్, జింకు, బోరాన్ కావాలంటే నమూనా భూసార పరీక్ష కేంద్రానికే పంపండి. పంట వేసేముందు ల్యాబు, పంట నడుమ మా పెట్టె. నేనైతే అలాగే చేస్తాను.

తాగే బోరు నీళ్లు చూసుకునేవాళ్లు ఇది గమనించండి. పాత పెట్టె చూపించేది నైట్రేట్‌లోని నత్రజని లెక్క. దాన్ని 4.43తో గుణించాకే తాగునీటి పరిమితి అయిన లీటరుకు 45 మిల్లీగ్రాములతో పోల్చండి. కొత్త పెట్టెల్లో నేరుగా నైట్రేటే కనిపిస్తుంది.

పెట్టె రేటు మారలేదు. మాలిబ్డేట్ కొనుబడి పెరిగింది కాబట్టి మందుల కిట్టు మాత్రం వచ్చేనెల నుంచి కొంచెం పెరుగుతుంది. పాత పెట్టె తెచ్చిస్తే తెర లెక్కను నేరుగా నైట్రేట్ చూపేలా ఉచితంగా మార్చిస్తాం, కొరియర్‌లో పంపితే రానుపోను ఖర్చు మీది.