ఫ్రిజ్‌లో గ్యాస్ పోయిందన్న మాట అప్పుడే నమ్మకు, బుజ్జీ

చి. బుజ్జికి,

నరసరావుపేట నుంచి అమ్మ ఆశీర్వదించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం. నాన్నకి షుగర్ అదుపులోనే ఉంది.

నిన్న రాత్రి నీ ఫోన్ వచ్చినప్పటినుంచి నాకు అదే ఆలోచన. నీ ఫ్రిజ్‌లో పైన ఫ్రీజర్‌లో ఐస్ బాగానే గడ్డకడుతోంది, కింద పాలు మాత్రం విరిగిపోతున్నాయి అన్నావు. చూడటానికి వచ్చినతను లోపల చేయిపెట్టి చూసి, ఫ్రిజ్‌ని చల్లబరిచే గ్యాస్ అయిపోయింది, మళ్లీ పోయాలి అన్నాడని చెప్పావు. ఫోన్‌లో చెబితే ఆఫీసు హడావుడిలో సగమే వింటావు. అందుకే రాస్తున్నాను. ఈ కాగితం దగ్గర పెట్టుకుని చేయి.

ముందు సంగతి, గ్యాస్‌కి అప్పుడే ఒప్పుకోకు. నీది ఫ్రాస్ట్ ఫ్రీ డబుల్ డోర్, అంటే మంచుని తనే కరిగించుకునే రెండు తలుపుల ఫ్రిజ్. అందులో చల్లదనం పుట్టే చోటు ఒక్కటే. ఫ్రీజర్ వెనక గోడకి ప్లాస్టిక్ పలక ఉంటుంది చూడు, దాని వెనకాల కాయిల్, అంటే గ్యాస్ తిరిగే గొట్టాల చుట్ట, దానితో పాటు ఒక చిన్న ఫ్యాన్ ఉంటాయి. ఆ ఫ్యానే చల్లగాలిని ఫ్రీజర్‌లోకీ, సందు గుండా కింది అరల్లోకీ తోస్తుంది. కింది భాగానికి సొంత చల్లదనం లేదు. గ్యాస్ నిజంగా పోతే పైన ఐస్ కూడా మెత్తబడాలి కదా. పైన రాయిలా ఉండి కింద వేడిగా ఉందంటే, గాలి కిందికి దిగడం లేదని నా అనుమానం.

ఎందుకు దిగదో చెబుతాను. మనం తలుపు తీసిన ప్రతిసారీ లోపలికి వెళ్లే తేమంతా ఆ కాయిల్ మీద మంచులా పేరుకుంటుంది. దాన్ని కరిగించడానికి కాయిల్ దగ్గర ఒక హీటర్ ఉంటుంది. కొన్ని గంటలకోసారి అది కాసేపు పనిచేసి ఆగిపోతుంది. కరిగిన నీళ్లు గొట్టంలోంచి దిగి, వెనక కంప్రెసర్ (గ్యాస్‌ని తిప్పే మోటారు) దగ్గరున్న ట్రేలో పడి, ఆ వేడికి ఆవిరైపోతాయి. హీటరో, దాన్ని నడిపే టైమరో, సెన్సరో పాడైతే మంచు కరగదు. పేరుకుని పేరుకుని గాలి దారినే మూసేస్తుంది.

ఇంత దూరం పోకముందు ఒకటి చూడు. కింది భాగం లోపల వెనక గోడకి గాలి వచ్చే సందులుంటాయి. వాటికి కూరగాయల సంచులు ఆనించి పెట్టావేమో. మొన్న గది మారినప్పుడు ఫ్రిజ్‌ని గోడకి ఆనించేసి ఉంటే కాస్త ముందుకి లాగు, దాని వేడి బయటికి పోవాలి. కొత్త మోడళ్లలో ఆ వేడి పక్కగోడల గుండా పోతుంది కాబట్టి పక్కలు వెచ్చగా తగిలితే భయపడకు. తలుపు రబ్బరు మధ్య ఒక కాగితం పెట్టి మూసి లాగు. ఊరికే జారి వచ్చేస్తే రబ్బరు పట్టు లేదని అర్థం, సబ్బునీళ్లతో తుడిచి మళ్లీ చూడు. తర్వాత ఫ్యాన్ సంగతి. చాలావాటిలో ఫ్రీజర్ తలుపు తీయగానే ఫ్యాన్ ఆగిపోతుంది. తలుపు అంచున ఉండే బటన్‌ని వేలితో నొక్కిపట్టుకుని విను. కంప్రెసర్ నడుస్తున్నప్పుడు కూడా ఎన్నిసార్లు విన్నా చప్పుడే లేకపోయినా, దేనికో తగులుతున్నట్టు గరగరమన్నా గుర్తుపెట్టుకో.

ఇవేవీ కాకపోతే శనివారం సాయంత్రం ప్లగ్ పూర్తిగా పీకెయ్. స్విచ్ ఆపడం చాలదు. పెరుగు, పాలు పక్కింటి వాళ్ల ఫ్రిజ్‌లో పెట్టమని అడుగు, ఏమీ అనుకోరు. రెండు తలుపులూ బార్లా తీసి, కింద పాత దుప్పట్లు పరిచి, 24 గంటలు అలాగే వదిలెయ్. వెనక ట్రే నిండి నేల మీదికి నీళ్లు రావచ్చు. తొందరపడి ఎక్కడా కత్తి పెట్టకు.

ఈ మాట ఎందుకంటున్నానంటే, మన మొదటి ఫ్రిజ్ నా చేతిలోనే పోయింది. అది సింగిల్ డోర్, ఐస్ గుహలా పేరుకునేది. నువ్వు ఇంకా బడికి వెళ్లడం లేదు. ఇంటికి చుట్టాలొస్తున్నారని తొందరలో చాకుతో పొడిచాను. సుయ్‌మని ఒక్క చప్పుడు, ఏదో వాసన, అంతే. ఫ్రీజర్ గోడ పలచటి అల్యూమినియం రేకు, గ్యాస్ తిరిగే దారులు దాంట్లోనే ఉంటాయని అప్పటికి నాకు తెలియదు. ఆ రాత్రంతా నిద్రపట్టలేదు.

రెండో ఫ్రిజ్ కథ నీకు కొంచెం గుర్తుండాలి. 2012 మే నెల. కరెంటు పోతూ వస్తూ ఉండేది. నాన్నకి అప్పుడే ఇన్సులిన్ మొదలుపెట్టారు. ఒకరోజు ఫ్రిజ్ గుర్‌మని కాసేపు మూలిగి టక్‌మని ఆగడం, కొన్ని నిమిషాలకి మళ్లీ గుర్, మళ్లీ టక్. మొదట వచ్చినతను కంప్రెసర్ మార్చాలన్నాడు, మన దగ్గర అంత డబ్బు లేదు. ఇన్సులిన్ సీసాని మందుల షాపు వాళ్లు చెప్పినట్టు చిన్న మట్టికుండలో పెట్టి, దాన్ని తడి ఇసుక పోసిన పెద్ద కుండలో ఉంచి, పైన తడిబట్ట కప్పి, గంటగంటకీ నీళ్లు చల్లాను. మూడోరోజు ఒక ముసలాయన వచ్చాడు. ప్లగ్ పీకి, కంప్రెసర్ పక్కనున్న చిన్న డబ్బా ఊడదీసి, నా చెవి దగ్గర ఊపాడు. గిలక్కాయలా గలగలమంది. "రిలే అమ్మా, లోపల బిళ్ల పగిలింది" అన్నాడు. కంప్రెసర్‌ని తొలి ఊపు ఊపి కదిలించేది అదేనట. అది పనిచేయకపోతే మోటారు కదల్లేక కరెంటు లాగి వేడెక్కుతుంది, ఓవర్‌లోడ్ అనే రక్షణ స్విచ్ టక్‌మని ఆపేస్తుంది. కొన్ని వందల్లో పని అయిపోయింది. వోల్టేజీ తక్కువైనా ఇదే చప్పుడు వస్తుందని, స్టెబిలైజర్ పెట్టించుకోమని చెప్పి వెళ్లాడు. ఆయన దగ్గరే నేను వినడం నేర్చుకున్నాను.

ఆదివారం సాయంత్రం లోపలంతా తుడిచి ఆన్ చెయ్. తెల్లారేసరికి కింద చల్లబడిందంటే మన అనుమానం నిజం. కానీ అంతటితో బాగుపడిందనుకోకు. కొన్ని రోజులు బాగుండి మళ్లీ పాలు విరిగితే డీఫ్రాస్ట్ భాగాల్లో, అంటే మంచు కరిగించేవాటిలో, ఏదో పోయినట్టే. మెకానిక్‌ని పిలిచి, "ప్లగ్ తీసి మంచు కరిగిస్తే ఇన్ని రోజులు పనిచేసింది, హీటరూ టైమరూ సెన్సరూ చూడండి" అని ఆ మాటే చెప్పు. ఫ్యాన్ తిరక్కపోతే అదీ చెప్పు. వెనక పలకని నువ్వు విప్పకు, వైర్లు ముట్టుకోకు.

అప్పటికీ గ్యాసే అంటే, లీకు ఎక్కడో ముందు చూపించమని అడుగు. మూసి ఉన్న గొట్టాల్లో తిరిగే గ్యాస్ దానంతటది తరగదు. కన్నం పూడ్చకుండా పోస్తే మళ్లీ పోతుంది. కంప్రెసర్ మీద స్టిక్కర్ చదువు. ఆర్600ఏ అని ఉంటే అది ఐసోబ్యూటేన్, మన వంటగ్యాస్ జాతిదే, నిప్పంటుకుంటుంది. తెలిసినవాడు తప్ప ఎవరూ దాని దగ్గర మంట వెలిగించకూడదు. ఆ పని జరిగేటప్పుడు కిటికీలు తీసి నువ్వు బయట నిలబడు.

నాన్న పదిహేనో తారీకున చెకప్‌కి నీ దగ్గరికి వస్తున్నారు. కొత్త ఇన్సులిన్ పెన్నులు ఆ ఫ్రిజ్‌లోనే పెట్టాలి. అవి 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డకడితే ఇక పనికిరావు. గాలి సందుకి ఎదురుగా కాకుండా మధ్య అరలో ముందువైపు పెట్టు. ఫ్రిజ్ థర్మామీటర్ ఒకటి కొను, జ్వరం చూసేది పనికిరాదు. గ్లాసు నీళ్లలో దాన్ని వేసి, అదే అరలో రాత్రంతా ఉంచి, పొద్దున తలుపు తీయగానే చూడు. ఎంత చూపించిందో నాకు ఫోన్ చేసి చెప్పు. ఆ అంకె విన్నాకే నాన్నకి టికెట్ తీస్తాను.

ఇట్లు,
అమ్మ