మందుల కిటికీ దగ్గరి అన్నకు

నాన్న కాలేయంలో కాన్సర్ గడ్డ తీసి మూడు నెలలైంది. ఈరోజు సీటీలో ఏమీ లేదన్నారు. రక్తంలో హెపటైటిస్ బి వైరస్ లెక్క లక్షల్లోంచి వందల్లోకి దిగింది. ఇంటికొచ్చి కాళ్లయినా కడుక్కోకుండా రాస్తున్నాను, తప్పులుంటే సర్దుకోండి.

అమ్మ, తమ్ముడు, బాబాయి వాళ్ల గురించి వేరే చెప్పక్కర్లేదు. చెప్పాల్సింది పెద్దాస్పత్రి మందుల కిటికీలో కూర్చునే అన్న గురించి. పేరు రాయొద్దన్నాడు. డిశ్చార్జి కాగితం ఇచ్చి నొప్పి మాత్రలు అడిగితే, వెనక అంత క్యూ ఉండగా రెండుసార్లు చదివి, “హెచ్‌బీఎస్‌ఏజీ పాజిటివ్, అంటే హెపటైటిస్ బి ఉందని ఇక్కడే ఉంది కదమ్మా, మరి వైరస్ మాత్ర ఏదీ?” అన్నాడు. లేదు. ఎవరూ రాయలేదు. కిటికీ మూశాక మెట్ల మీద కూర్చుని, మందుల అట్టపెట్టె చింపి దాని మీద కాలేయం బొమ్మ గీశాడు. నాకు అక్కడే ఏడుపొచ్చేసింది.

కాన్సర్ తిరగబెట్టడం రెండు రకాలట. మొదటి రెండేళ్లలో వచ్చేది చాలావరకు పాత గడ్డ వదిలిన కణాల పనే. గడ్డ రక్తనాళంలోకి పాకిందా, పక్కన పిల్లగడ్డలున్నాయా అన్నది కోసి తీసిన ముక్క బయాప్సీ రిపోర్టులో ఉంటుంది. ఈ మొదటి రకం మీద వైరస్ మాత్ర ప్రభావం తక్కువ. ఆ తర్వాత వచ్చేది ఎక్కువగా కొత్త గడ్డ. మిగిలిన కాలేయాన్ని వైరస్ కాలుస్తూనే ఉంటుంది కాబట్టి పుడుతుంది. మాత్ర చల్లార్చేది ఆ మంటనే. “అసలు రాదని కాదమ్మా, వచ్చే అవకాశం తగ్గుతుంది” అని మూడుసార్లు చెప్పాడు. అందుకే మాత్ర వేసుకుంటున్నా మొదటి రెండేళ్లు మూడు నాలుగు నెలలకోసారి స్కాన్, కాలేయ కాన్సర్ జాడ చూసే రక్తపరీక్ష ఏఎఫ్‌పీ తప్పవు.

డాక్టరు చేత రాయించింది కూడా ఆయనే. ఎంటెకవిర్ 0.5 మిల్లీగ్రాములు, రోజుకొకటి, ఖాళీ కడుపున. తిన్నాక రెండు గంటలాగాలి, వేసుకున్నాక ఇంకో రెండు గంటలు ఏమీ తినకూడదు. అన్నంతో కలిస్తే ఒంటికి పట్టేది తగ్గుతుంది. మా ఇంట్లో ఎనిమిదికి భోజనం, పదిన్నరకి మాత్ర. పాలు కూడా బంద్. గతంలో లామివుడిన్ అనే వైరస్ మందు వాడి అది పనిచెయ్యకుండా పోయినవాళ్లకి ఈ మోతాదు చాలదు, టెనోఫోవిర్ అనే ఇంకో వైరస్ మందు ఇస్తారు. అది 300 మిల్లీగ్రాముల రకమైతే కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చూసుకుంటూ ఉండాలి.

రిపోర్టులో వైరస్ “కనిపించలేదు” అని వచ్చినా సొంతంగా ఆపకూడదు. కణం కేంద్రకంలో దాక్కున్న మూలం మాత్రకి చావదు. ఆపితే మళ్లీ లేస్తుంది, కోత పడిన కాలేయం ఆ దెబ్బకి తట్టుకోలేకపోవచ్చు. పది మాత్రలుండగానే మళ్లీ తెచ్చుకోండి. ఆకుపసరు పోయిస్తామనే చుట్టాలకి దణ్ణం పెట్టి పంపెయ్యండి.

ఇదే వైరస్ ఉన్న పక్క మంచం పెద్దాయనకి కాలేయ మార్పిడి అయింది. కాలేయం కొత్తదైనా వైరస్ ఒంట్లోనే ఉంటుంది, పైగా కొత్త అవయవాన్ని ఒళ్లు తోసెయ్యకుండా ఇచ్చే మందులు రోగనిరోధక శక్తిని అణచేస్తాయి. అందుకని ఆయనకీ జీవితాంతం వైరస్ మాత్రే, వైరస్‌ని అడ్డుకునే ఇమ్యునోగ్లోబులిన్ ఇంజెక్షన్లు అదనం.

ఒక్క మాట అనకుండా ఉండలేను. లివర్ వాళ్లు రాస్తారులే అని సర్జరీ వాళ్లు, మాకు పంపలేదు కదా అని లివర్ వాళ్లు! ఆపరేషన్‌కి ఫోటోలు, వేలిముద్రలు, సంతకాలు అన్నీ ఉన్నాయి, మాత్ర రాసే దిక్కు లేదు. 2018 జూలై 28న మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ కార్యక్రమం కింద ఈ మందులు ఉచితం. ఆ సంగతి చెప్పే కాగితం ముక్కయినా గోడకి లేదు. వైరస్ లెక్క రిపోర్టు కోసం నాలుగుసార్లు తిరిగాం. అన్న ఆ కాగితం చదవకపోయుంటే... వద్దులెండి.

అయ్యో, రక్తం ఇచ్చిన తమ్ముడి కాలేజీ పిల్లల్ని మర్చిపోయాను! స్కాన్ గదిలో నాన్నకి దుప్పటి కప్పిన అక్కకీ, అర్ధరాత్రి ఫ్లాస్కులో వేడినీళ్లు పోసిచ్చిన క్యాంటీన్ బాబాయికీ కూడా. ఇంకా, ఇంట్లో అందరికీ టెస్ట్ చేయించి, వైరస్ లేనివాళ్లకి టీకా మొదలుపెట్టిన నర్సమ్మ. 0, 1, 6 నెలలకి మూడు డోసులు. రెండయ్యాయి. మూడోదానికి వస్తామమ్మా.